థెమిస్టోక్లీస్‌ను రెండుగా కోయకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల రాతప్రతి రెండుసార్లు చదివాను. మొదటి భాగానికి ‘వీరుడు’ అనీ, రెండో భాగానికి ‘ద్రోహి’ అనీ పేర్లు పెట్టావు. గ్రీసులోని సలామిస్ దగ్గర పారసీక నౌకాదళాన్ని చావుదెబ్బ తీసిన ఏథెన్స్ నేత థెమిస్టోక్లీస్, పదిహేను పదహారేళ్లు తిరిగేసరికి ఆ పారసీక చక్రవర్తి కొడుకు కొలువులోనే జాగీరు పుచ్చుకున్నాడు. ఇంత పెద్ద మలుపు చేతికి దొరికితే ఏ రచయితకైనా ఆశ పుడుతుంది. అయినా నాకది నమ్మబుద్ధి కాలేదు. మొదటి భాగం చివర ఒక మనిషి చచ్చిపోయి, రెండో భాగంలో అదే పేరుతో ఇంకొకడు పుట్టుకొచ్చినట్టుంది. నా మాట విని ఆ రెండు పేర్లూ కొట్టెయ్. వాడు మొదటినుంచీ ఒక్కడే.

ఎలాగంటావా? లారియన్ వెండి దగ్గర మొదలుపెట్టు. దాన్ని నువ్వు ఒక్క పేరాలో దాటేసి ఓడలెక్కేశావు. క్రీ.పూ. 483 ప్రాంతంలో ఏథెన్స్‌కు చెందిన ఆ గనుల్లో గొప్ప వెండి పొర బయటపడింది. దాన్ని తవ్వింది బానిసలు. నీ కథలో వాళ్లు ఒక్కచోటా కనబడరు, కనబడాలి. వచ్చిన సొమ్మును మనిషికి పది డ్రాక్మాల (వాళ్ల వెండి నాణేల) చొప్పున పంచుకుందామని పౌరుల ఆలోచన. ఆ శతాబ్దం చివరి లెక్కల్లో పనితనం తెలిసిన కూలివాడికి రోజుకు ఒక డ్రాక్మా ముట్టేది. ఆ లెక్కన పది రోజుల కూలి ఊరికే చేతికొస్తుంటే వద్దనమని జనానికి చెప్పాలి. నువ్వైతే ఏం చెబుతావు? నీ నాయకుడు మాత్రం దేశభక్తి మీద రెండు పేజీల ఉపన్యాసం ఇచ్చాడు. అసలు మనిషి అలా చెయ్యలేదు. పారసీకుల గండం దూరాన ఉంది, మారథాన్ యుద్ధంలో వాళ్లు ఓడడంతోనే అది తీరిపోయిందని జనం అనుకుంటున్నారు. అందుకే అతను పక్కనే సముద్రంలో ఉన్న ఈజినా ద్వీపాన్ని చూపించాడు. ఆ ద్వీపంతో అప్పటికే వైరం, అక్కసు ఉన్నాయి. ఆ అక్కసు మీదే యుద్ధనౌకలు కట్టించాడు. రెండు వందలని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ అంటాడు, వంద అన్న లెక్క కూడా ఉంది. ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడు.

వినేవాడి మనసులో అప్పటికే ఉన్న భయమో కోరికో పట్టుకుని, దానికి తగ్గ మాట చెప్పడం అతని విద్య. ఇది పట్టుకుంటే నీ నవల దానంతటదే నడుస్తుంది. క్రీ.పూ. 480లో గ్రీకు సేనానులు సలామిస్ జలసంధి వదిలి పోదామని గొడవపడుతుంటే, తన పిల్లలను చూసుకునే బానిస సికినస్‌ను రాత్రికి రాత్రి శత్రు శిబిరానికి పంపాడు. గ్రీకులు పారిపోబోతున్నారు, దారి మూసెయ్యండి అని కబురు. పారసీక చక్రవర్తి జెర్క్సీస్ వినాలనుకున్నది అదే, విన్నాడు. ఇరుకు నీళ్లలోకి దిగి ఓడాడు.

ఏడాది తిరగ్గానే ఇంకో గ్రీకు రాజ్యం స్పార్టా వంతు. కాలి కూలిపోయిన ఏథెన్స్ మళ్లీ గోడ కట్టుకోవడం స్పార్టాకు ఇష్టం లేదు. ఇతను రాయబారిగా స్పార్టాకు వెళ్లి, తోటి రాయబారులు ఇంకా రాలేదంటూ రోజులు దొర్లించాడు. ఇక్కడ ఏథెన్స్‌లో ఆడవాళ్లు, పిల్లలతో సహా ఊరంతా గోడ కడుతోంది, సమాధి రాళ్లు కూడా పీకి పేరుస్తోంది. అనుమానముంటే మనుషుల్ని పంపి చూసుకోండన్నాడు. ఆ వెళ్లినవాళ్లను తాము క్షేమంగా తిరిగొచ్చేదాకా వదలొద్దని తనవాళ్లకు చాటుగా కబురు పెట్టాడు. ఇది శత్రువుతో ఆడిన ఆట కాదు, నిన్నటిదాకా పక్కన నిలబడి పోరాడిన మిత్రుడితో. నీ రాతప్రతిలో ఈ ఘట్టమే లేదు. వీరుడి భాగంలో ఇమడలేదని వదిలేశావేమో.

ఇక నీ మలుపు సంగతి. సలామిస్ గెలిచాక జెర్క్సీస్‌కు ఇంకో కబురు వెళ్లిందని హెరొడోటస్ రాశాడు. హెలెస్పాంట్ జలసంధి మీద నువ్వు తిరిగెళ్లాల్సిన వంతెనలు విరగ్గొట్టకుండా గ్రీకులను నేనే ఆపాను, నిమ్మళంగా వెళ్లమని. నిజానికి తరిమికొట్టి వంతెనలు విరుద్దామని మొదట అన్నది ఇతనే, తోటివాళ్లు ఒప్పుకోకపోతే మాట మార్చాడు. రేపు ఏథెన్స్‌లో తనకు చెడితే తలదాచుకునే చోటు ఉండాలని ఇలా చేశాడని హెరొడోటస్ వ్యాఖ్య. ఆ మాట జరిగిన కథ తెలిశాక రాసింది కాబట్టి కొంచెం తగ్గించి నమ్ము. అయినా క్రీ.పూ. 471 ప్రాంతంలో ఏథెన్స్ అతన్ని కుండపెంకుల మీద పేరు గీసే ఓటుతో ఊరినుంచి వెళ్లగొట్టింది, ఆపైన ద్రోహం నేరం మోపింది. పరుగెత్తి పరుగెత్తి జెర్క్సీస్ కొడుకు ఆర్టాజెర్క్సీస్‌ను చేరినప్పుడు రాసుకున్న లేఖలో ఆ వంతెనల ఉపకారాన్నే గుర్తు చేశాడు. అది అబద్ధపు గొప్పేనని ఇంకో గ్రీకు చరిత్రకారుడు థూసిడిడీస్ తేల్చేశాడు. ఏడాది గడువడిగి పారసీక భాష నేర్చుకున్నాకే రాజు ముందుకు వెళ్లాడు. ఇప్పుడు చెప్పు, ఎక్కడ మారాడు?

ఆ ఓటును ‘ప్రజాగ్రహం’ అని రాశావు. అంత అమాయకంగా రాయకు. ఏథెన్స్ కొండకోట అక్రోపొలిస్ ఉత్తరపు వాలులో ఒక పాత బావిలో అతని పేరు గీసిన పెంకులు 190 వరకు దొరికాయి, అన్నీ కలిపి పద్నాలుగు మంది చేతిరాతే. పంచడానికి ముందే రాసి పెట్టుకున్నారన్నమాట. మన ఎన్నికలు చూసినదానివి, ఆ సన్నివేశం రాయడం నీకు కష్టం కాదు.

సాక్షులను వేరువేరుగా ఉంచు. హెరొడోటస్‌కు ఇతనంటే గిట్టదు. యుబోయా ద్వీపం వాళ్ల దగ్గర ముప్పై టాలెంట్ల (టాలెంట్ అంటే ఆరు వేల డ్రాక్మాలు) లంచం తీసుకుని, స్పార్టా సేనానికి ఐదు, కొరింత్ సేనానికి మూడు ఇచ్చి, మిగతాది మింగాడంటాడు. థూసిడిడీస్‌కు ఇతని బుద్ధి అంటే గౌరవం. జీవితచరిత్రలు రాసిన ప్లూటార్క్ దాదాపు ఆరు వందల ఏళ్ల తర్వాత రాశాడు. ‘కొట్టు, కానీ విను’ అన్న మాట మీద నువ్వొక అధ్యాయమే కట్టావు. అది ప్లూటార్క్ చెప్పింది, హెరొడోటస్‌లో లేదు. వాడుకో, తప్పు లేదు, అధ్యాయం మాత్రం వద్దు. సంభాషణలు కూడా పౌరాణిక నాటకంలో పద్యానికి ముందొచ్చే వచనంలా ఉన్నాయి. తగ్గించు.

ఎద్దు రక్తం తాగి చనిపోయే ఘట్టం తీసెయ్. పాత కథే, కానీ ఎద్దు రక్తం విషం కాదు. జబ్బుతో పోయాడని థూసిడిడీస్ అంటాడు. జాగీరుగా మూడు ఊళ్లు, రొట్టెకు మాగ్నీషియా, ద్రాక్షసారాకు లాంప్సకస్, కూరకు మయస్ ఇచ్చారని కూడా ఆయనే చెప్పాడు. మాగ్నీషియాలో తన పేరుతో వెండి నాణేలు కూడా వేయించాడు. చివరి అధ్యాయానికి అవి చాలు.

నీకు బాగా వచ్చేది ఆడవాళ్లు, పిల్లలు ఉన్న చోటు. ట్రీజెన్ ఊరి మీద రాసిన ఆరు పేజీల్లో అది తెలిసింది. ఏథెన్స్ ఖాళీ చేసి వచ్చిన కుటుంబాలను ఆ ఊరు తన ఖర్చుతో పోషించింది. పిల్లలు ఎవరి తోటలోనైనా పళ్లు కోసుకోవచ్చని తీర్మానించి, చదువు చెప్పే పంతుళ్లకు జీతాలు కూడా కట్టించింది. వాటిని ముప్పై పేజీలు చెయ్. మిగతా నవల కంటే ముందు అదే రాసి పంపు, చదువుతాను.

నీ మేలు కోరే,
మాస్టారు