ఏఎన్‌ఏ పాజిటివ్ వస్తే లూపస్ ఉన్నట్టేనా?

వేళ్ల కీళ్లు నొప్పులు, ఏఎన్‌ఏ పాజిటివ్, ఇది లూపసేనా అని అడిగారు. లూపస్ అంటే మన రోగనిరోధక వ్యవస్థ మన ఒంటి మీదే దాడి చేసే జబ్బు. ఏఎన్‌ఏ అంటే మన సొంత కణాలకు వ్యతిరేకంగా తయారయ్యే యాంటీబాడీలను వెతికే రక్తపరీక్ష. ఆ ఒక్క రిపోర్టుతో తేలదండీ. లూపస్ ఉన్నవాళ్లలో దాదాపు అందరికీ ఏఎన్‌ఏ పాజిటివ్ వస్తుంది. కానీ ఏ జబ్బూ లేనివాళ్లలోనూ కొందరికి వస్తుంది. కాబట్టి ఇప్పుడే నెట్‌లో వెతికి టెన్షన్ పడకండి. ఆ పని నేను మీ వంతు కూడా చేసేశాను.

నాకు లూపస్ అని తేలి తొమ్మిదేళ్లు. పొద్దున లేచేసరికి వేళ్లు బిగుసుకుపోయేవి, సీసా మూత తిప్పలేకపోయేదాన్ని. ఎక్స్‌రేలో మాత్రం ఏమీ కనబడలేదు. తర్వాత ఎండలోకి వెళ్లొస్తే చాలు, బుగ్గలు, ముక్కు ఎర్రబడేవి. మొటిమలనుకుని ఏడాదంతా క్రీములు రాశాను. చివరికి రుమటాలజిస్టు (కీళ్లు, లూపస్ లాంటి జబ్బులు చూసే డాక్టరు) ముక్కు పక్కనుంచి పెదవి చివరికి దిగే గీతను చూపించి, "ఇక్కడ ఎరుపు లేదు, గమనించారా?" అన్నారు. లూపస్ దద్దు సాధారణంగా ఆ గీతను వదిలేస్తుందట. అద్దంలో రోజూ చూసుకున్న ముఖమే, నాకెప్పుడూ తట్టలేదు. ఆ తర్వాత చేసిన పరీక్షల్లో యాంటీ డీఎస్‌డీఎన్‌ఏ (లూపస్‌లో కనిపించే యాంటీబాడీ) ఎక్కువగా, సీ3, సీ4 (రోగనిరోధక వ్యవస్థకు చెందిన రక్తంలోని ప్రొటీన్లు) తక్కువగా వచ్చాయి. లక్షణాలూ ఇవీ కలిపి చూశాకే పేరు పెట్టారు.

లూపస్‌ను అదుపులో ఉంచే హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మాత్ర మొదలుపెట్టారు. మోతాదు బరువును బట్టి, సాధారణంగా రోజుకు కిలోకు 5 మిల్లీగ్రాములు మించకుండా. ఏళ్ల తరబడి వాడితే రెటీనా దెబ్బతినే అవకాశం ఉంది కాబట్టి కంటి పరీక్షలు తప్పవు. పని చేయడానికి వారాలు కాదు, నెలలు పడుతుంది. రెండేళ్లకు ఒంట్లో పూర్తిగా బాగుందని చెప్పాపెట్టకుండా మానేశాను. నేను చేసిన తెలివితక్కువ పనుల్లో మొదటిది అదే. ఐదు నెలలకు మూత్రంలో నురగ, సాయంత్రానికి చీలమండల మీద సాక్సు అచ్చులు. నొప్పి మాత్రం కాస్తయినా లేదు. బయాప్సీ చేస్తే లూపస్ వల్ల కిడ్నీల్లో వాపు అని తేలింది. స్టెరాయిడ్లు, రోగనిరోధక శక్తిని అణిచే మైకోఫెనొలేట్ అనే మందు వాడాల్సొచ్చింది. స్టెరాయిడ్లనైతే డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలే తప్ప ఒక్కసారిగా ఆపకూడదు.

అందుకని మీరు రుమటాలజిస్టును కలిసినప్పుడు కిడ్నీల సంగతి తెలిపే యూరిన్ ప్రొటీన్ పరీక్ష తప్పకుండా అడగండి. ఎండకు దద్దు వస్తే అప్పటికప్పుడే ఫోటో తీసి పెట్టుకోండి, అపాయింట్‌మెంట్ రోజుకి అది మాయమవుతుంది. ఈలోగా ఊపిరి తీస్తే ఛాతీలో నొప్పి వచ్చినా, కాళ్లు, ముఖం వాచినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.