మార్కప్‌కి బ్యాంకు ఇవ్వనన్న అప్పు మీ 401(కె) ఎందుకివ్వాలి?

ప్రశ్న: టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. నాది హెచ్1బి, జీతం ఏడాదికి 1,65,000 డాలర్లు. నా భార్య హెచ్4 మీద ఉంది, ఉద్యోగం చేసే అనుమతి ఇంకా రాలేదు. మూడేళ్ల బాబు. టయోటా జీఆర్ కరోలాలో లిమిటెడ్ ఎడిషన్ ఒకటి ఇక్కడి డీలర్ దగ్గరికి వచ్చింది. స్టిక్కర్ ధర (తయారీదారు సూచించే ధర) 46,000. దాని మీద 15,000 ‘మార్కెట్ అడ్జస్ట్‌మెంట్’ అడుగుతున్నాడు. బ్యాంకు మాత్రం దాదాపు స్టిక్కర్ ధర వరకే లోన్ ఇస్తానంది, 84 నెలలకి 8.5 శాతం. మిగతా 20,000 నా రిటైర్మెంట్ ఖాతా 401(కె) మీద లోన్ తీసుకుందామనుకుంటున్నాను, అందులో 62,000 ఉంది. సేవింగ్స్ 9,000. ఇంటి అద్దెతో కలిపి నెల ఖర్చు 5,800. ఇలాంటి కార్లకి గిరాకీ తగ్గదు కాబట్టి రెండేళ్లు వాడుకుని లాభానికి అమ్మేయొచ్చని నా ఆలోచన. వెయ్యి డాలర్లు డిపాజిట్ కట్టేశాను. మీ సలహా ఏమిటి?

జవాబు: కొనకండి. కారు మంచిదే కావచ్చు. కానీ ఈ ధరకి, ఈ అప్పులతో, 9,000 డాలర్ల సేవింగ్స్‌తో వద్దు.

మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసుకుంటూ పోయిన ఒక వాక్యం దగ్గరే ఆగాలి. బ్యాంకు స్టిక్కర్ ధర వరకే ఇస్తానంది. ఎందుకంటే రేపు మీరు కిస్తీలు ఆపేస్తే ఆ కారు తీసుకెళ్లి అమ్ముకోవాల్సింది బ్యాంకే. అమ్మితే మార్కప్, అంటే స్టిక్కర్ ధర మీద డీలర్ అదనంగా అడిగే ఆ 15,000, తిరిగిరాదని దానికి తెలుసు. కార్ల మీద అప్పులివ్వడమే వ్యాపారంగా ఉన్నవాళ్లు వద్దనుకున్న రిస్కును మీరు మీ రిటైర్మెంట్ డబ్బు పెట్టి తీసుకోబోతున్నారు. మార్కప్ అడిగిన చోటల్లా ఇదే జరుగుతోంది. బ్యాంకు ఎక్కడ ఆగుతుందో అక్కడి నుంచి 401(కె), క్రెడిట్ కార్డు, పర్సనల్ లోన్ మొదలవుతున్నాయి. ఈ ఉత్తరానికి ఇంత పొడుగు జవాబు రాయడానికి కారణం ఇదే.

ముందు ఆ 9,000 సంగతి చూద్దాం. మీ ఇంట్లో సంపాదన ఒక్కరిదే, ఆ ఒక్కరూ వీసా మీద ఉన్నారు. ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండటానికి మీకుండే గ్రేస్ పీరియడ్ గరిష్ఠంగా 60 రోజులు. ఐ-94 (ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే పత్రం) గడువు అంతకంటే ముందే ముగిస్తే అంతవరకే. ఇప్పుడు ఖర్చు లెక్క వెయ్యండి. ఇంటిఖర్చు 5,800, కొత్త కారు కిస్తీ 717, ఇన్సూరెన్స్ 240 అనుకుందాం. కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ ఆగిపోతే కోబ్రా (ఉద్యోగం పోయాక అదే ఇన్సూరెన్స్ కొనసాగించుకోనిచ్చే చట్టం) కింద మొత్తం ప్రీమియం మీరే కట్టుకోవాలి, కుటుంబానికి నెలకి 2,000 దాటడం మామూలే. అన్నీ కలిపితే 8,757. అంటే మీ దగ్గరున్నది ఒక నెలకి సరిపోతుంది. 60 రోజుల గడువులో రెండో నెల మొదలయ్యేసరికి చేతిలో ఏమీ ఉండదు. హెచ్1బి మార్చగల కొత్త కంపెనీని వెతకడం, ఇంటర్వ్యూలు, ఆఫర్, పిటిషన్ ఫైల్ చేయించడం, ఇవన్నీ అద్దె ఎలా కట్టాలన్న ఆలోచనతోనే చేయాల్సి వస్తుంది. అలాంటి స్థితిలో ఉన్నవాళ్లే మొదట వచ్చిన తక్కువ జీతం ఆఫర్‌కి ఒప్పేసుకుంటారు.

(కోబ్రా విషయం ఇక్కడే చెప్పేస్తాను, చాలామందికి తెలియదు. అందులో చేరడానికి 60 రోజుల గడువుంటుంది. ఆ గడువులోపల చేరితే కవరేజీ ఆగిపోయిన రోజు నుంచే వర్తిస్తుంది, పాత నెలల ప్రీమియం కట్టాలి అంతే. కాబట్టి మొదటి రోజే 2,000 కట్టేయాల్సిన అవసరం లేదు. ఆ నోటీసు మాత్రం పారేయకండి.)

అదే కష్టకాలంలో 401(కె) లోన్ ఏం చేస్తుందో చూడండి. ఉద్యోగంలో ఉన్నంతకాలం జీతంలోంచి కట్ అవుతుంది, ఐదేళ్లకి 8.5 శాతం వేసుకున్నా నెలకి 410. ఉద్యోగం పోగానే జీతంలోంచి కట్ కావడం ఆగిపోతుంది. కొన్ని ప్లాన్లు బ్యాంకు ఖాతా నుంచి కట్టుకోనిస్తాయి, చాలావాటిలో మిగిలిన బాకీని మీ ఖాతాలోంచే కొట్టేస్తారు. అంత మొత్తాన్నీ ఆ ఏడాది పన్ను రిటర్న్ గడువులోగా, పొడిగింపు తీసుకుంటే అక్టోబరు 15లోగా, మీ ఐఆర్‌ఏలో (సొంతంగా తెరుచుకునే రిటైర్మెంట్ ఖాతా) వెయ్యకపోతే అది విత్‌డ్రాయల్ కిందికి వస్తుంది. 59½ ఏళ్లు నిండలేదు కాబట్టి మామూలు ఆదాయపు పన్ను మీద ఇంకో 10 శాతం పెనాల్టీ. 14 నెలలకి ఉద్యోగం పోయిందనుకుంటే అప్పటికి 401(కె) బాకీ సుమారు 16,060. మీరు 22 శాతం స్లాబులో ఉంటే పన్ను, పెనాల్టీ కలిపి 5,100 పైచిలుకు. జీతం ఆగిన ఏడాదిలోనే ఈ బిల్లు. గోరుచుట్టు మీద రోకటిపోటు అనేది దీన్నే. ‘నా డబ్బే నేను వాడుకుంటున్నాను, వడ్డీ కూడా నాకే వస్తుంది’ అని 401(కె) లోన్‌ని సమర్థించుకునేవాళ్లు ఈ భాగం చదవరు.

డీలర్ మీతో కారు ధర కంటే నెల కిస్తీ గురించే ఎక్కువ మాట్లాడి ఉంటాడు. 84 నెలలు సాగదీస్తే ఏ మొత్తమైనా చిన్నదిగా కనిపిస్తుంది. విడదీసి చూడండి. కారు 46,000, మార్కప్ 15,000, మొత్తం 61,000. టెక్సాస్‌లో 6.25 శాతం సేల్స్ టాక్స్ పడేది మీరు కట్టే ధర మీద, స్టిక్కర్ ధర మీద కాదు. అందుకని పన్ను 3,812. టైటిల్, రిజిస్ట్రేషన్, డీలర్ కాగితాల ఫీజు కలిపితే మొత్తం 65,300 దగ్గర తేలుతుంది. ఇందులో మార్కప్ వాటా 15,000, దాని మీద పన్ను ఇంకో 937. ఈ ముక్కనే 84 నెలలు, 8.5 శాతం మీద లెక్కేస్తే నెలకి 252 చొప్పున మొత్తం 21,200 అవుతుంది. ఆ డబ్బుతో ఇంజిన్‌కి ఒక హార్స్‌పవర్ కూడా అదనంగా రాదు.

ఇన్సూరెన్స్ వైపు నుంచి చూస్తే ఇంకా ఘోరం. ఏడాది దాటాక హైవే మీద ఎవరో గుద్దారు, కారు టోటల్ లాస్ అయింది, అంటే బాగుచేయించి లాభం లేదన్నారు. బీమా కంపెనీ ఇచ్చేది ఆ రోజు మార్కెట్లో ఆ కారుకున్న విలువ, మీరు కొన్న ధర కాదు. మార్కప్ రసీదు చూపించినా లాభం లేదు. విలువ 41,000 కట్టి, మీరు భరించాల్సిన 1,000 డిడక్టిబుల్ తీసేశారనుకోండి, 40,000 వస్తుంది. 14 కిస్తీలు కట్టాక బ్యాంకు బాకీ సుమారు 39,500. అది తీరిపోయి మీ చేతికి 500 వస్తుంది. ఇంటి ముందు కారుండదు, 401(కె)కి ఇంకా 16,060 కట్టాలి. కారు విలువకీ అప్పుకీ మధ్య తేడా కట్టే గ్యాప్ ఇన్సూరెన్స్ తీసుకుంటానంటారేమో. గ్యాప్ చూసేది కారు మీదున్న బ్యాంకు అప్పునే. మీ 401(కె) లోన్‌కీ కారుకీ కాగితాల్లో ఏ సంబంధమూ లేదు, దానికి ఒక్క డాలరు కూడా రాదు. ముందే ఒప్పుకున్న విలువ చెల్లించే ‘అగ్రీడ్ వాల్యూ’ పాలసీలు ఉన్నాయి. అవి గ్యారేజీలో పెట్టి అప్పుడప్పుడు తీసే కార్లకి, రోజూ ఆఫీసుకీ డేకేర్‌కీ తిరిగే కారుకి కాదు.

ఇక లాభానికి అమ్మడం. లిమిటెడ్ అనే మాట తయారీదారు చేతిలో ఉంటుంది, మీ చేతిలో కాదు. 2020లో ఫోర్డ్ బ్రాంకో ఫస్ట్ ఎడిషన్ 3,500 మాత్రమే అన్నారు, బుకింగులు చూసి అదే ఏడాది 7,000 చేశారు. అమ్ముకునే హక్కు కూడా ప్రతిసారీ ఉండదు. ఫోర్డ్ జీటీ కొన్నవాళ్లతో రెండేళ్లు అమ్మకూడదని సంతకం పెట్టించుకున్నారు, రెజ్లర్ జాన్ సీనా ముందే అమ్మేశారని 2017లో ఫోర్డ్ ఆయన మీద కోర్టుకెళ్లింది. మీ డీలర్ ఇచ్చే కాగితాల్లో అలాంటి షరతు ఉందేమో చూడండి. అన్నీ కలిసొచ్చినా రెండేళ్ల తర్వాత మీ కారు రెండేళ్లు తిరిగిన కారు. ఖర్చులు, వడ్డీ పక్కన పెట్టినా 61,000 పైన ఇచ్చేవాడు దొరికితేనే లాభం మాట. దొరికితే ఆ లాభం మీద పన్ను కట్టాలి. నష్టం వస్తే మాత్రం సొంత వాడకానికి కొన్న కారు కాబట్టి పన్నులో తగ్గించుకోవడానికి వీల్లేదు. కొత్త కారు లోన్ వడ్డీకి 2025 నుంచి 2028 దాకా పన్ను మినహాయింపు ఉందని డీలర్ చెప్పొచ్చు. అది అమెరికాలో తయారైన కార్లకే. విండో స్టిక్కర్ మీద తయారైన చోటు రాసి ఉంటుంది, విన్ నంబరు (కారు గుర్తింపు సంఖ్య) ‘జె’తో మొదలైతే జపాన్. ఆ మినహాయింపు మర్చిపోవచ్చు.

మార్కప్ అడగడం చట్టవిరుద్ధమా అని కొందరు అడుగుతుంటారు. కాదు. 1958 నాటి చట్టం ప్రకారం అద్దానికి అంటించే స్టిక్కర్ మీద ఉండేది తయారీదారు సూచించే ధర మాత్రమే. డీలర్లు వేరే యజమానులు, వాళ్లకి నచ్చిన ధర పెట్టుకోవచ్చు. 2022లో ఫోర్డ్, జీఎం తమ డీలర్లను గట్టిగా హెచ్చరించాయి, అయినా మార్కప్‌లు పోలేదు. షోరూంలో సంతకం పెట్టాక మూడు రోజుల్లో కారు వాపసు ఇచ్చేయొచ్చన్నది వట్టి అపోహ, టెక్సాస్‌లో అలాంటి హక్కు లేదు. అందుకే సంతకానికి ముందే ఆగాలి.

ఇవాళే చేయాల్సింది డిపాజిట్ రసీదు బయటికి తీయడం. ‘రిఫండబుల్’ అని ఉందా, బయ్యర్స్ ఆర్డర్ (కొనుగోలు ఒప్పందం) మీద సంతకం పెట్టారా, ఈ రెండూ చూడండి. ఆర్డర్ మీద సంతకం లేకపోతే కొనడం లేదని, డిపాజిట్ వెనక్కి ఇవ్వమని సేల్స్ మేనేజర్‌కి ఈమెయిల్ పెట్టండి. ఫోన్‌లో చెప్తే లెక్కలోకి రాదు. ఆ వెయ్యి ఇవ్వకపోయినా సరే, వెయ్యి పోతుందని 21,200 పోగొట్టుకోకండి.

తర్వాత ఎమర్జెన్సీ ఫండ్. ఈ కారు కోసం బ్యాంకు కిస్తీ 717, 401(కె)కి 410, ఇన్సూరెన్స్ 240, మొత్తం నెలకి 1,367 కట్టడానికి మీరు సిద్ధపడ్డారు. అంటే ఆ డబ్బు మీ దగ్గర ఉంది. జీతం పడిన మర్నాడే వేరే బ్యాంకులోని హై-యీల్డ్ సేవింగ్స్ ఖాతాకి ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టండి. లక్ష్యం 40,000. ఆరు నెలల ఖర్చు 35,000, ఇంటి లీజు మధ్యలో వదిలేయాల్సి వచ్చినా ముగ్గురికి ఇండియా టికెట్లు కొనాల్సి వచ్చినా ఇంకో 5,000. డిపాజిట్ తిరిగొస్తే చేతిలో 10,000 ఉంటుంది కాబట్టి సుమారు 22 నెలలు పడుతుంది. ఏడాది బోనస్ వస్తే ఇందులోకే. ఈ డబ్బు షేర్లలో వద్దు, కంపెనీ స్టాకులో అసలే వద్దు. ఎన్‌ఆర్‌ఈ ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఎక్కువ వడ్డీ వస్తుందని గుంటూరుకో వరంగల్‌కో పంపేయకండి. ఏడాది లోపల తీస్తే వడ్డీ రాదు, అక్కడి నుంచి ఇక్కడి ఖాతాలోకి రావడానికి రోజులు పడుతుంది. అరవై రోజుల్లో ఒక్కో రోజూ లెక్కే.

కారు మీద ఇష్టం అప్పటికీ తగ్గకపోతే ఫండ్ నిండాక చూడండి. వేరే రాష్ట్రాల్లో స్టిక్కర్ ధరకే ఇచ్చే డీలర్లు ఉంటారు, మామూలు ట్రిమ్ ఉంటుంది, రెండేళ్ల పాతది దొరుకుతుంది. ఎవరిని అడిగినా పన్ను, ఫీజులతో కలిపి పూర్తి ధర ఈమెయిల్‌లో రాయించుకోండి. ‘మార్కప్ లేదు’ అంటూనే సెరామిక్ కోటింగ్, టైర్లలో నైట్రోజన్, అద్దాల మీద విన్ నంబరు చెక్కడం పేరుతో నాలుగైదు వేలు కలిపేవాళ్లున్నారు.

చివరగా ఇంకో పని, దీనికి 22 నెలలు ఆగకండి. కంపెనీ ఇచ్చే గ్రూప్ లైఫ్ ఇన్సూరెన్స్ సాధారణంగా ఉద్యోగంతోపాటే పోతుంది. మీ భార్యా బాబూ మీ ఒక్క జీతం మీద ఉన్నారు. మీ పేరు మీద విడిగా 20 ఏళ్ల టర్మ్ పాలసీకి ఈ నెలలోనే దరఖాస్తు పెట్టండి. హెచ్1బి మీద ఉన్నవాళ్లకి ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. వీసా, ఇక్కడ ఎన్నేళ్లుగా ఉంటున్నారు, ఇండియా ప్రయాణాలు అడుగుతారు, దాచకుండా రాయండి. క్లెయిమ్ వచ్చినప్పుడు ఆ దరఖాస్తునే తిరగేస్తారు.