తినని భోజనానికి సంతకం పెట్టొద్దు

ప్రశ్న: మాది రాయలసీమలో చిన్న పల్లె. మేమిద్దరం కూలికి పోతాం. బాబు జడ్పీ హైస్కూల్లో ఆరు, పాప అక్కడే తొమ్మిది. నవంబరులో వంట ఏజెన్సీ వాళ్లు బిల్లులు రాలేదని పన్నెండు బడి రోజులు పొయ్యి వెలిగించలేదు. బాబు ఆకలికి ఏడుస్తుంటే చూడలేక నాలుగు రోజులు బడి మాన్పించాను. అంతకుముందు పెట్టిన పప్పూ నీళ్లే. ఇప్పుడు హెడ్మాస్టరు గారు పాతిక కిలోల బియ్యం ఇస్తాం, పిల్లలు అన్ని రోజులూ తిన్నట్టు సంతకం పెట్టమంటున్నారు. వినియోగదారుల కోర్టులో నష్టపరిహారం కేసు వేస్తే గెలుస్తామా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం ఐదు పేజీలు. కేసుకు పనికొచ్చేది నాలుగో పేజీ చివర రెండు లైన్లు. "రేపు కూడా భోజనం లేదు, పిల్లలకు క్యారేజీ ఇచ్చి పంపండి" అని క్లాసు టీచరు వాట్సాప్ గ్రూపులో పెట్టారని రాశారు. తెర పగిలింది కాబట్టి ఆ ఫోను ఉగాదికి ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేస్తామనీ మీరే రాశారు. ఇవ్వకండి. మీ దగ్గరున్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని అయిదారు వందల కోసం దుకాణంలో వదిలేసి నన్ను గెలుస్తామా అని అడిగితే ఏం చెప్పను? ఆ మెసేజ్ తేదీ, టైము, పంపినవారి పేరు కనిపించేలా ఫొటోలు తీసుకోండి. ఫోను మాత్రం దాచండి. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. అసలు ఫోను చేతిలో ఉంటే ఆ పని సులువు.

వినియోగదారుల కోర్టు సంగతి మరచిపోండి. డబ్బు చెల్లించి కొన్నవాళ్లే వినియోగదారులు. బడి భోజనానికి మీరు పైసా ఇవ్వలేదు. మీ హక్కు వేరే చోట ఉంది, అదింకా గట్టిది.

2013 జాతీయ ఆహార భద్రతా చట్టం 5వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి దాకా సెలవులు తప్ప ప్రతిరోజూ ఉచితంగా మధ్యాహ్న భోజనం పెట్టాలి. పెట్టకపోతే 8వ సెక్షన్ కింద ఆహార భద్రతా భత్యం ఇవ్వాలి. అది ఎలా ఇవ్వాలో 2015 నాటి మధ్యాహ్న భోజన నియమాలు చెప్పాయి. బియ్యం లేకపోయినా, వంట ఖర్చు రాకపోయినా, గ్యాసు అయిపోయినా, వంటమనిషి రాకపోయినా, కారణం ఏదైనా సరే, ఆ రోజుకు రావాల్సిన బియ్యం, వంట ఖర్చు తర్వాతి నెల 15వ తేదీలోగా పిల్లవాడికి అందాలి. బిల్లులు రాలేదన్నది ఏజెన్సీకీ ప్రభుత్వానికీ మధ్య గొడవ. నిధులు తాత్కాలికంగా ఆగితే బడిలో ఉన్న ఏ నిధినైనా వాడి భోజనం నడిపే అధికారం హెడ్మాస్టరుకు ఆ నియమాల్లోనే ఉంది. కాబట్టి ఆయన "నా చేతిలో ఏముందమ్మా" అంటే నమ్మకండి.

అంటే మీ కేసులో తేలాల్సింది ఒక్కటే: ఏయే తేదీల్లో భోజనం పెట్టలేదు, ఆ తేదీల్లో మీ బాబు బడిలో ఉన్నాడా? బడికి హాజరైన పిల్లవాడికే భోజనం హక్కు. మీరు మాన్పించిన నాలుగు రోజులూ పోయినట్టే. కడుపు మాడ్చుకుని బడికి పంపమంటారా అని మీరు అడగొచ్చు. క్యారేజీ కట్టి పంపినా, మధ్యాహ్నం ఇంటికి పిలిచి గంజి పోసినా హాజరు పడేది, హక్కు నిలిచేది.

పప్పు నీళ్లగా ఉందన్న మాట ఈ ఫిర్యాదులో కలపకండి. నాణ్యత బాగోలేదని భత్యం అడగడానికి వీల్లేదని నియమాల్లోనే ఉంది. దాన్ని కలిపితే పెట్టిన రోజుల గురించి వాదిస్తూ పెట్టని రోజులు మరుగున పడతాయి. పాప సంగతీ కలపకండి. తొమ్మిదో తరగతికి భోజనం రాష్ట్ర పథకం కింద వస్తుంది, ఈ చట్టం కింద కాదు.

మిగిలింది ఎనిమిది రోజులు. ఆరో తరగతికి రోజుకు 150 గ్రాముల బియ్యం, 2025 మే నుంచి కేంద్రం లెక్కన 10 రూపాయల 17 పైసల వంట ఖర్చు. మొత్తం కిలో రెండు వందల గ్రాములు, 81 రూపాయల 36 పైసలు. రాష్ట్రం రేటు ఎక్కువుంటే ఆ మేరకు పెరుగుతుంది. నవ్వొస్తోంది కదా? హెడ్మాస్టరుకు మాత్రం నవ్వు రావడం లేదు. వరుసగా మూడు బడి రోజులు, లేదా నెలలో అయిదు రోజులు భోజనం ఆగితే ప్రభుత్వం బాధ్యులెవరో తేల్చి చర్య తీసుకోవాలి. కిలోంబావు బియ్యం బాకీకి పాతిక కిలోలు ఎందుకు ఇస్తానంటున్నారో ఇప్పుడు అర్థమైందా?

ఆ బియ్యం ఆయన ఇంటి గాదెలోంచి రాదు. బడి పిల్లల బియ్యమే. తీసుకుని సంతకం పెట్టారంటే, భోజనం పెట్టలేదన్న మీ మాటకు మీ సంతకమే ఎదురు సాక్ష్యం అవుతుంది. రేపు తనిఖీలో స్టాకు తేడా వస్తే, సాక్షిగా ఉండాల్సిన మీరు బియ్యం దారి మళ్లించిన కేసులో ముద్దాయి పక్కన నిలబడతారు. ఊళ్లో ఎవరైనా పెద్దమనిషి వెలగని పొయ్యి వీడియో చూపించి ఏజెన్సీ నుంచి యాభై వేలు ఇప్పిస్తానన్నా ఒప్పుకోకండి. అది బెదిరించి డబ్బు గుంజడం, దానికి వేరే సెక్షన్ ఉంది.

ఇక చేయాల్సింది. డిసెంబరు 15 దాటి రెండు నెలలైంది. మీరు ఇంతవరకు ఒక్క కాగితం కూడా రాయలేదు, అంతా నోటి మాటే. అధికారులు తమ పని చేసేలా ఆదేశించమని హైకోర్టులో రిట్ పిటిషన్ వేయడానికి ఫలానా రోజులోగా అని గడువు లేకపోయినా, ఇన్నాళ్లూ ఏం చేశారన్నదే అక్కడ మొదటి ప్రశ్న. ఈ వారంలోనే సమాచార హక్కు కింద బడికి దరఖాస్తు పెట్టండి. నవంబరు నెలకు మీ బాబు హాజరు, రోజువారీ భోజన రిజిస్టరు, బియ్యం స్టాకు రిజిస్టరు, వడ్డించే ముందు రుచి చూసినవారి సంతకాలున్న రిజిస్టరు, బడివాళ్లు ప్రభుత్వ యాప్‌లో ఎక్కించిన భోజనాల లెక్క అడగండి. పొయ్యి వెలగని రోజున స్టాకులోంచి బియ్యం తీసినట్టు రాసి ఉంటే మీ పని సగం అయిపోయినట్టే. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాత 30 రోజుల్లోగా మొదటి అప్పీలు. ఈ గడువు దాటనివ్వకండి.

దాని కోసం ఆగకుండా జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి కలెక్టరేట్‌లో ఫిర్యాదు ఇవ్వండి. ఒకే పేజీ, తేదీల పట్టిక, వాట్సాప్ ఫొటో. ఏడుపు వద్దు. అక్కడ న్యాయం జరగకపోతే అప్పీలు రాష్ట్ర ఆహార కమిషన్‌కు. సాక్షుల్ని పిలిపించడానికి, పత్రాలు తెప్పించడానికి దానికి సివిల్ కోర్టు అధికారాలున్నాయి. జిల్లా అధికారి చెప్పిన ఉపశమనం సరైన కారణం లేకుండా ఇవ్వని ఉద్యోగికి అయిదు వేల దాకా జరిమానా వేయగలదు. లాయరు అక్కర్లేదు.

ఆ గ్రూపులో ఉన్న మిగతా తల్లిదండ్రుల్లో నలుగురైదుగురిని వెంట తీసుకెళ్లండి. ఎవరి పిల్లవాడి తేదీలు వాళ్ల కాగితం మీద రాయాలి, అందరికీ కలిపి ఒకే అర్జీ వద్దు. మీ కాపీ మీద ఇన్‌వార్డు ముద్ర, నంబరు వేయించుకోకుండా కౌంటరు దగ్గర నుంచి కదలకండి.