థైరాయిడ్ ఆపరేషన్‌లో కండరాల మందు తగ్గిస్తే అమ్మకి మధ్యలో మెలకువ వస్తుందా?

మీ అమ్మగారికి థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేస్తున్నారు, నర్వ్ మానిటర్ పెడతారు కాబట్టి కండరాలు సడలించే మందు తక్కువ ఇస్తామన్నారు, మధ్యలో మెలకువ వస్తుందేమోనని మీ టెన్షన్. అందువల్ల మెలకువ రాదండీ. నేను మత్తు డాక్టర్ని, ఇలాంటి కేసులు తరచూ చేస్తుంటాను.

నిద్రపుచ్చే మందు వేరు, కండరాల మందు వేరు. ప్రొపోఫాల్, సెవోఫ్లూరేన్ లాంటివి మెదడు మీద పనిచేసి స్పృహ లేకుండా చేస్తాయి. నొప్పికి ఫెంటానిల్ లాంటిది ఇస్తాం. రోక్యురోనియం, అట్రాక్యూరియం లాంటి రిలాక్సెంట్లు మెదడు జోలికి పోవు. నరం వచ్చి కండరాన్ని కలిసే చోట సంకేతం దాటకుండా ఆపుతాయి. వాటితో మనిషి కదలడు, అంతే. నిద్రా రాదు, నొప్పీ తగ్గదు.

నిజానికి మీ భయానికి జవాబు అవతలి వైపు ఉంది. ఆపరేషన్ మధ్యలో స్పృహ రావడం మీద బ్రిటన్, ఐర్లాండ్‌లలో పెద్ద అధ్యయనం చేసి 2014లో ఫలితాలు ప్రకటించారు. రిలాక్సెంట్ వాడినవాళ్లలో సుమారు 8,000 మందికి ఒకరు, వాడనివాళ్లలో సుమారు 1,36,000 మందికి ఒకరు తమకలా జరిగిందని చెప్పారు. పూర్తి రిలాక్సెంట్‌లో ఉన్నవాళ్లకి మెలకువ వచ్చినా వేలు కూడా కదపలేరు, మాకు చెప్పలేరు. అది లేనప్పుడు మత్తు కాస్త పలచబడినా చెయ్యో కాలో కదులుతుంది, వెంటనే పెంచుతాం. ఆ కదలిక కూడా చాలాసార్లు స్పృహ లేకుండానే వస్తుంది, గుర్తుండదు.

మరి ఎందుకు తగ్గిస్తారంటే, థైరాయిడ్ వెనకాలే స్వరపేటికకి వెళ్లే సన్నటి నరాలు రెండు వైపులా ఉంటాయి. ఒకటి దెబ్బతింటే గొంతు బొంగురుపోతుంది, రెండూ దెబ్బతింటే ఊపిరికే ఇబ్బంది. అందుకని శ్వాస కోసం వేసే ట్యూబు మీదే, స్వరతంత్రులకి తగిలేలా ఎలక్ట్రోడ్లు ఉంటాయి. సర్జన్ సన్నటి ప్రోబ్‌తో నరాన్ని తాకి కొద్దిపాటి కరెంటు ఇస్తే స్వరతంత్రి కండరం కదులుతుంది, మెషిన్ చప్పుడు చేస్తుంది. కండరం మందుతో పడిపోయి ఉంటే నరం బాగున్నా చప్పుడు రాదు. అప్పుడు మానిటర్ పెట్టీ లాభం లేదు.

నేనైతే ట్యూబు వేయడానికి సరిపడా ఒక్క డోసు రోక్యురోనియం ఇస్తాను, మళ్లీ ఇవ్వను. సర్జన్ నరం దగ్గరికి వచ్చేసరికి దాని ప్రభావం చాలావరకు దిగిపోతుంది. దిగకపోతే సుగమడెక్స్‌తో విరిచేయొచ్చు. ఎంత దిగిందో ఊహించి చెప్పం. మణికట్టు దగ్గర నరానికి వరసగా నాలుగు చిన్న కరెంటు దెబ్బలు ఇచ్చి బొటనవేలు ఎన్నిసార్లు, ఎంత బలంగా కదిలిందో చూస్తాం.

ఈ బొటనవేలి పరీక్ష ఎంత ముఖ్యమో ఒక కేసులో బాగా తెలిసింది. సర్జన్ మెడలో వేగస్ నరాన్ని (స్వరపేటిక నరాలు దీన్నుంచే చీలతాయి) తాకితే మెషిన్ పలకలేదు. రిలాక్సెంట్ ఇంకా ఉందా అని అడిగారు. వేలు నాలుగుసార్లూ గట్టిగా కదులుతోంది, కాబట్టి మందు కాదు. గొంతు లోపల చూసే కెమెరా పరికరం, వీడియో లారింగోస్కోప్‌తో చూస్తే, భుజాల కింద దిండు పెట్టి మెడ వెనక్కి వంచినప్పుడు ట్యూబు కొంచెం తిరిగిపోయింది. సరిచేయగానే పలికింది. వేలి లెక్క చేతిలో లేకపోతే నరం పోయిందేమోనని అందరం కంగారుపడేవాళ్లం.

ఒక వైపు చేశాక నిజంగానే సిగ్నల్ పోతే, కొందరు సర్జన్లు రెండో వైపు అప్పుడే ముట్టుకోకుండా వాయిదా వేస్తారు. అలా జరిగితే ఆపరేషన్ ఫెయిలైందని అనుకోకండి, రెండో నరాన్ని కాపాడటానికే ఆపుతారు. మీ సర్జన్ ఏం చేస్తారో ముందే అడగండి.

పీఏసీకి, అంటే ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టర్ చేసే పరీక్షకి వెళ్లినప్పుడు ఇంకొకటి తప్పకుండా చెప్పండి: ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అయ్యాక శ్వాస తిరిగి రావడం ఆలస్యమై వెంటిలేటర్ మీద ఉంచారా? త్వరగా దిగిపోతుందని ఇలాంటి కేసుల్లో కొందరు సక్సినైల్‌కోలిన్ అనే రిలాక్సెంట్ వాడతారు. మామూలుగా అది పదినిమిషాల్లోపే దిగుతుంది. దాన్ని విరిచే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకి గంటలు పడుతుంది. మన ఆర్యవైశ్య కుటుంబాల్లో ఈ లోపం మిగతావాళ్లకంటే చాలా ఎక్కువ. మీది ఆ కుటుంబమైతే మొహమాటపడకుండా చెప్పండి, రక్తపరీక్షతో తెలిసిపోతుంది, వేరే మందు వాడతారు.