అడిగితే చెబుతా: సంతకం పెట్టలేనివాళ్ళ చర్చలు

(చెన్నై సచివాలయంలో ప్రోటోకాల్ పనులు చూసి రిటైరైన మా కాలమిస్టు విదేశీ వ్యవహారాలపై పాఠకుల ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు)

ప్రశ్న: అమెరికా పార్లమెంటు సభ్యులు జపాన్‌కో, కొరియాకో, తైవాన్‌కో వెళ్ళి ‘ప్రాంతీయ భద్రత మీద చర్చించారు’ అని పేపర్లో తరచూ చూస్తున్నాను. వాళ్ళు మంత్రులు కారు, దేనిమీదా సంతకం పెట్టలేరు. జనం డబ్బుతో విహారయాత్ర కాకపోతే ఇదేమిటండీ?
– బ్యాంకు ఉద్యోగి, పెరంబూరు

జవాబు: విహారయాత్రలూ ఉంటాయండీ, కాదనను. పొద్దున ఓ గంట మీటింగు, ఆ తర్వాత సకుటుంబంగా మహాబలిపురం. అలాంటి బృందాలకు కార్లు పురమాయించిన చేతులే ఇవి. కానీ మీరన్నదాంట్లో సగమే నిజం. వాళ్ళు సంతకం పెట్టలేరు. ఇంకొకరి సంతకాన్ని మాత్రం ఆపగలరు.

మన పక్కనున్న అరక్కోణం సంగతే తీసుకోండి. అక్కడ నౌకాదళం వారి ఐఎన్ఎస్ రాజాలి ఉంది. సముద్రం మీద నిఘా వేసే పి-8ఐ విమానాలు, 2020లో అద్దెకు తెచ్చుకున్న ఎంక్యూ-9బి డ్రోన్లు అక్కడినుంచి ఎగురుతాయి. ఆ అద్దె డ్రోన్లలో ఒకటి 2024 సెప్టెంబరులో ఏదో సాంకేతిక లోపం వచ్చి మన చెన్నై తీరానికి అవతల బంగాళాఖాతంలో పడింది కూడా. ఈ రకం డ్రోన్లు సొంతానికి 31 కొందామని మన ప్రభుత్వం అనుకుంది. నేవీకి 15, ఆర్మీకి 8, ఎయిర్‌ఫోర్స్‌కు 8. 2023 జూన్‌లో మోదీ వాషింగ్టన్ వెళ్ళినప్పుడు ఉమ్మడి ప్రకటనలో ఆ మాట వచ్చింది, మన పేపర్లు పెద్ద అక్షరాలతో వేశాయి. ఇక డ్రోన్లు దిగినట్టే అనుకున్నాం అందరం.

అక్కడే ఉంది తిరకాసు. పెద్ద ఆయుధాలను పరాయి దేశానికి అమ్మేముందు అమెరికా ప్రభుత్వం తమ పార్లమెంటుకు, అంటే కాంగ్రెస్‌కు, నోటీసు పంపాలి. 1976 నాటి చట్టం అది. జపాన్, ఆస్ట్రేలియా, దక్షిణ కొరియా, నాటో దేశాల వంటివాటికైతే 15 రోజుల ముందు, మనలాంటివాళ్ళకు 30 రోజుల ముందు. ఆ నోటీసు కంటే ముందు ఇంకో గడప ఉంది, అది చట్టంలో లేదు, ఆనవాయితీ. సెనేట్‌లోనూ దిగువ సభలోనూ విదేశాంగ కమిటీలు నడిపే ఇద్దరు ఛైర్మన్లకు, ఆ కమిటీల్లో ప్రతిపక్షం తరఫు పెద్దలిద్దరికి ఫైలు చూపిస్తారు. నలుగురంటే నలుగురు. వాళ్ళలో ఏ ఒక్కరు ‘ఆగండి’ అన్నా సాధారణంగా ఫైలు ఆగుతుంది.

మన డ్రోన్ల ఫైలు దగ్గర అలా అన్నది సెనేట్ కమిటీ ఛైర్మన్ బెన్ కార్డిన్. ఖలిస్తాన్ వాది పన్నూను అమెరికా గడ్డ మీద చంపించేందుకు మన ప్రభుత్వ ఉద్యోగి ఒకరు కుట్ర నడిపారన్న కేసు అప్పటికే బయటికి వచ్చింది. దాని మీద గట్టి దర్యాప్తు జరుగుతుందని బైడెన్ ప్రభుత్వంతో నెలల తరబడి మాట్లాడాకే ఆయన ఒప్పుకున్నాడు. 2024 ఫిబ్రవరి 1న నోటీసు వెళ్ళింది. దాదాపు 400 కోట్ల డాలర్ల అంచనా. మన సంతకాలు అక్టోబరులో అయ్యాయి.

అలాంటి కమిటీ సభ్యుడు రేపు ఢిల్లీలో దిగితే మన విదేశాంగ మంత్రి తీరిక చేసుకుని కూర్చుంటారా, కూర్చోరా? కొరియా వాళ్ళ లెక్కా అంతే. అక్కడ సుమారు 28,500 మంది అమెరికా సైనికులున్నారు. ఆ సంఖ్యకంటే తగ్గించడానికి, రక్షణ మంత్రి కారణాలు చూపి ధ్రువీకరిస్తే తప్ప, డబ్బు ఖర్చుపెట్టకూడదని 2020 ఆర్థిక సంవత్సరపు రక్షణ బడ్జెట్ చట్టంలో రాసింది కాంగ్రెసే. అధ్యక్షుడు మారితే మాట మారవచ్చు. అందుకని సియోల్ వాళ్ళు డబ్బు సంచి ఎవరి చేతిలో ఉందో వాళ్ళనూ మంచి చేసుకుంటారు.

కాబట్టి ఈసారి వార్త చదివేటప్పుడు ఫొటో వదిలేసి, వచ్చినాయన ఏ కమిటీలో ఉన్నాడో చూడండి. వ్యవసాయ కమిటీ అయితే మీ అనుమానమే నాదీనూ.

ప్రశ్న: నాన్సీ పెలోసీ తైవాన్‌లో ఒక్కరోజు ఉన్నందుకు చైనా క్షిపణులు వేసిందంటారు. అంత కోపమెందుకు?
– గృహిణి, షావుకారుపేట

జవాబు: ఒక్కరోజేనమ్మా. 2022 ఆగస్టు 2 రాత్రి తైపేలో దిగింది, 3న అధ్యక్షురాలు త్సాయ్ ఇంగ్-వెన్‌ను కలిసి సాయంత్రానికి కొరియా విమానమెక్కింది. ఆవిడ విమానం దిగే సమయానికి దాన్ని ఇంటర్నెట్‌లో ఏడు లక్షల మంది చూస్తున్నారట. 4వ తేదీ నుంచి చైనా తైవాన్ చుట్టూ సైనిక విన్యాసాలు మొదలెట్టింది. వేసిన క్షిపణుల్లో ఐదు తన ఆర్థిక మండలిలో, అంటే తనకు ప్రత్యేక హక్కులున్న సముద్రంలో, పడ్డాయని జపాన్ ఫిర్యాదు చేసింది.

కోపానికి కారణం ఆవిడ హోదా. అప్పట్లో ఆవిడ అమెరికా దిగువ సభ స్పీకర్. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు లేకపోతే ఆ కుర్చీ స్పీకర్‌దే. 1997లో న్యూట్ గింగ్రిచ్ వెళ్ళాక పదవిలో ఉన్న స్పీకర్ ఎవరూ ఆ గడప తొక్కలేదు. పైగా అమెరికాకు తైవాన్‌తో అధికారిక సంబంధాలు లేవు, రాయబార కార్యాలయమూ లేదు. 1979లో బీజింగ్‌ను గుర్తించినప్పుడు వదులుకున్నారు. అదే ఏడు కాంగ్రెస్ పట్టుబట్టి ఒక చట్టం చేసి, ఆత్మరక్షణకు కావలసిన ఆయుధాలు తైవాన్‌కు అందించాలని రాసుకుంది. రక్షణ మంత్రో విదేశాంగ మంత్రో తైపే వెళితే గొడవ. మరి మాట్లాడేదెవరు? ఎంపీలు. ప్రభుత్వం ‘వాళ్ళు స్వతంత్రులు, మేము పంపలేదు’ అనవచ్చు. చైనా ఆ మాట నమ్మదు, అది వేరే సంగతి. మిలిటరీ వాళ్ళకు ఈ ప్రయాణం ఇప్పుడు మంచిది కాదనిపిస్తోందని బైడెనే ముందు అన్నాడు. ఆవిడ ఆగలేదు. రెండు వారాలు తిరక్కుండానే సెనేటర్ ఎడ్ మార్కీ ఇంకో నలుగురిని వెంటబెట్టుకుని తైపేలో దిగాడు.

నాకు నచ్చిన ఘట్టం సియోల్‌లోది. అధ్యక్షుడు యూన్ సెలవులో ఉన్నానన్నాడు, ఉన్నది మాత్రం ఆ ఊళ్ళోనే. కలవకుండా నలభై నిమిషాలు ఫోన్లో మాట్లాడాడు. అమెరికాకు మర్యాద తప్పలేదు, చైనాకు ఫొటో దొరకలేదు. ప్రోటోకాల్ వాళ్ళకు ఇలాంటివి చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. మర్నాడు టోక్యోలో ప్రధాని కిషిదా మాత్రం పొద్దున్నే టిఫినుకు కూర్చోబెట్టాడు.

ప్రశ్న: ఇండియా అమెరికాకు మిత్రదేశమేనా?
– ఆవడి పాఠకుడు

జవాబు: స్నేహితులం. ‘నీ మీద దాడి జరిగితే నా మీద జరిగినట్టే’ అని ఒప్పందం రాసుకున్నవాళ్ళం కాదు. జపాన్, కొరియా, ఫిలిప్పీన్స్, ఆస్ట్రేలియా లాంటివాళ్ళు ఆ లెక్కలోకి వస్తారు. మనకు 2016లో ‘మేజర్ డిఫెన్స్ పార్ట్‌నర్’ అని ఒక హోదా ఇచ్చారు. ఒప్పందం లేకపోయినా పనులు ఆగలేదు. పెలోసీ గొడవ జరిగిన వారమే, 2022 ఆగస్టు 7న, అమెరికా నేవీకి సామాన్లు మోసే చార్లెస్ డ్రూ అనే ఓడ మరమ్మతుల కోసం మన కాట్టుపల్లి షిప్‌యార్డుకు వచ్చింది. అమెరికా నేవీ ఓడ ఒకటి మన దేశంలో రిపేరుకు రావడం అదే మొదలు. రెండింటికీ సంబంధం లేదనుకోండి. ఎన్నూరు వైపు వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు.

ప్రశ్న: ఆంటీ, 2025లో మన ఎంపీలు కూడా గుంపులుగా విదేశాలు వెళ్ళారు కదా. మీరు చెబుతున్నదీ అదీ ఒకటేనా? ఎగ్జామ్‌కి కూడా పనికొస్తుంది.
– బీఏ విద్యార్థిని, విల్లివాక్కం

జవాబు: ఒకటి కాదు తల్లీ. ఎగ్జామ్‌లో అలా రాశావంటే మార్కులు పోతాయి.

పహల్గాంలో 26 మందిని చంపాక, ఆపరేషన్ సిందూర్ తర్వాత, అన్ని పార్టీల వాళ్ళతో ఏడు బృందాలను పంపింది కేంద్రమే. ఎక్కడికి వెళ్ళాలో, ఏం చెప్పాలో ముందే అనుకుని వెళ్ళారు. మన తూత్తుకుడి ఎంపీ కనిమొళి రష్యా, స్పెయిన్ వైపు వెళ్ళిన బృందానికి నాయకురాలు. మన తెలుగువాళ్ళూ ఉన్నారు: పురందేశ్వరి, ఒవైసీ, లావు శ్రీకృష్ణదేవరాయలు, అమలాపురం హరీష్ బాలయోగి. హరీష్ ఉన్న బృందానికి శశి థరూర్ నాయకుడు. పాకిస్తాన్‌లో పోయినవాళ్ళకు సంతాపం చెప్పిన కొలంబియా చేత ఆ ప్రకటన వెనక్కి తీయించి వచ్చారు. చిన్న పనేం కాదు.

ఈ పద్ధతికి మన తెలుగు ప్రధాని ముద్ర కూడా ఉంది. 1994లో జెనీవా మానవ హక్కుల కమిషన్‌లో కశ్మీర్ మీద పాకిస్తాన్ తీర్మానం పెడితే, పి.వి.నరసింహారావు ప్రతిపక్ష నేత వాజ్‌పేయిని నాయకుడిగా పంపారు. ఆయన వెంట సల్మాన్ ఖుర్షీద్, ఫరూక్ అబ్దుల్లా. పాకిస్తాన్ ఓటింగ్ దాకా రాకుండానే తీర్మానం వెనక్కి తీసుకుంది.

తేడా ఎక్కడంటే, మనవాళ్ళు దేశం మాటను మోసుకెళతారు. అమెరికా వాళ్ళు వినడానికి, బేరమాడడానికి వస్తారు, వెనక్కి వెళ్ళి ఓటేస్తారు. 2008 అణు ఒప్పందం గుర్తు చేసుకో, నువ్వు అప్పటికి పసిపిల్లవేమో. అమెరికాలో ఆ ఒప్పందాన్ని కాంగ్రెస్ రెండు సభల్లోనూ ఓటుకు పెట్టి ఆమోదించాలి. మన దగ్గర లోక్‌సభలో జరిగింది ప్రభుత్వం మీద విశ్వాస పరీక్ష, 275–256. ఒప్పందానికి పార్లమెంటు ఆమోదముద్ర అక్కర్లేదు, మన రాజ్యాంగం అడగదు. థరూర్ అధ్యక్షుడిగా ఉన్న పార్లమెంటు విదేశాంగ స్థాయీ సంఘం నివేదికలు బాగానే రాస్తుంది, ప్రభుత్వం పాటించి తీరాలని లేదు. ఇది లోపమనే నా అభిప్రాయం. ఎగ్జామ్‌లో మాత్రం నా అభిప్రాయం రాయకు.

ప్రశ్న: అలాంటి మీటింగుల్లో మీరు దగ్గరుండి చూసిందేమైనా చెప్పండి.
– రిటైర్డ్ టీచర్, గుమ్మిడిపూండి

జవాబు: రాష్ట్రంలో భద్రత గురించి మాట్లాడరండీ, అదంతా ఢిల్లీ పని. ఇక్కడ ఓడరేవులు, ఫ్యాక్టరీలు, వీసాలు. బల్లకు అటు వాళ్ళు, ఇటు మనవాళ్ళు, నాయకుడికి ఎదురుగా నాయకుడు. పేరు చీటీలు పెట్టడం నా పని. వయసు కాదు, సభలో ఎన్నాళ్ళుగా ఉన్నారో చూసి పెట్టాలి. అది తప్పితే నవ్వుతూనే మొహం మాడ్చుకుంటారు.

నా కళ్ళు మాత్రం వెనక వరస మీద ఉండేవి. కమిటీ స్టాఫ్ అని ముప్ఫై ఏళ్ళ కుర్రాళ్ళు, అమ్మాయిలు ఒళ్ళో నోటుపుస్తకం పెట్టుకుని కూర్చుంటారు. కాఫీ చల్లారిపోయినా చూసుకోరు. పెద్దాయన మహాబలిపురం శిల్పాల గురించి మాట్లాడుతుంటే, ఇందాక మన కార్యదర్శి చెప్పిన అంకె ఏ ఏడాదిదో రాసుకుంటుంటారు. మీటింగయ్యాక వచ్చి మళ్ళీ అడుగుతారు కూడా. వెళ్ళాక బిల్లులో వాక్యం రాసేది వాళ్ళే. మా పై అధికారి ఒకాయన అనేవారు, ముందు వరసకు కాఫీ ఇవ్వండి, వెనక వరసకు కాగితాలివ్వండి అని.

ప్రశ్న: అలా వచ్చిన అమెరికా ఎంపీలకు బహుమతులు ఇవ్వచ్చా?
– పేరు వద్దన్న పాఠకుడు, టి.నగర్

జవాబు: ఇవ్వచ్చు, హద్దు ఉంది. విదేశీ ప్రభుత్వమిచ్చే కానుక ఒక విలువ లోపలయితేనే వాళ్ళు సొంతానికి ఉంచుకోవచ్చు. ఆ విలువను మూడేళ్ళకోసారి సవరిస్తారు. 2023 నుంచి 2025 దాకా అది 480 డాలర్లు. కానుక ఆ హద్దు మించితే అమెరికా ప్రభుత్వ ఆస్తి. శాలువా, తల ఊపే తంజావూరు బొమ్మ అయితే దిగులే లేదు. ప్రభుత్వ హస్తకళల దుకాణం పూంపుహార్‌లో కంచు నటరాజు తెచ్చినప్పుడు మాత్రం ధర చీటీ పీకకుండా అలాగే ఇచ్చేవాళ్ళం.