కుందేళ్లకు గడ్డి కొనేముందు

అమ్మలూ,

నువ్వు పంపిన రెండు ప్యాకెట్ల ఫొటోలూ చూశాను. మొదటిది లూసర్న్, ఆన్‌లైన్‌లో అల్ఫాల్ఫా అని అమ్మేది అదే. రెండోది టిమోతి అనే గడ్డి. లూసర్న్‌లో ప్రోటీన్ ఎక్కువ కదా, అదే తీసుకోనా అని అడిగావు. వద్దు.

లూసర్న్ గడ్డిజాతి కాదు, చిక్కుడు కుటుంబం మొక్క. ప్రోటీన్ 16, 17 శాతం దాకా ఉంటుంది, టిమోతిలో అందులో సగం కాస్త అటూ ఇటూ. పాడిగేదెకైతే నేనే పెట్టమంటాను. నీ కుందేళ్లకు ఎనిమిది నెలలు నిండాయి, వాటికి రోజూ అంత బలం అక్కర్లేదు. అసలు చిక్కు కాల్షియంతో. కుందేలు తిన్న కాల్షియాన్ని చాలావరకు రక్తంలోకి తీసేసుకుని, మిగిలింది మూత్రంలో వదులుతుంది. లూసర్న్‌లో కాల్షియం టిమోతికి రెండు మూడు రెట్లు. పెద్ద కుందేలుకు అదే పనిగా పెడితే మూత్రం సున్నం కలిపిన నీళ్లలా చిక్కబడుతుంది, రాళ్లు కూడా కట్టొచ్చు. ఆరు నెలల లోపు పిల్లలకూ, పాలిచ్చే తల్లికీ మాత్రం మంచిదే.

మరి టిమోతే కావాలా? అదీ లేదు. అది చలిదేశాల గడ్డి. అమెరికా నుంచో కెనడా నుంచో ఓడెక్కి వస్తుంది కాబట్టే ఆ ధర. ఉత్తరాదిలో రబీలో వేసే ఓట్స్ గడ్డి, రోడ్స్ గడ్డి, మన గరిక, ఏదైనా సరే లేతగా ఉన్నప్పుడు కోసి బాగా ఆరబెట్టిందైతే చాలు. కావలసింది పీచు. కుందేలు ముందు పళ్లు వారానికి 2, 3 మిల్లీమీటర్ల చొప్పున బతికినన్నాళ్లూ పెరుగుతాయి, దవడ పళ్లూ అంతే పెరుగుతూనే ఉంటాయి. గడ్డిని అటూ ఇటూ నమిలితేనే అవి అరుగుతాయి. పేగు కదలాలన్నా ఆ పీచే ఆధారం. పెల్లెట్లు, అంటే గుళికల్లా చేసి అమ్మే దాణా, రెండుసార్లు నమిలితే పిండైపోతాయి, పళ్లకు పనే ఉండదు. తినేదాంట్లో 80 శాతం ఎండుగడ్డే ఉండాలి.

నన్నడిగితే ప్యాకెట్ మీది పేరు కన్నా ఎప్పుడు కోశారన్నదే ముఖ్యం. కంకి తొంగిచూసే వేళకు కోస్తే ఆకు, కాడ రెండూ ఉంటాయి, పోషకాలూ నిలుస్తాయి. గింజ ముదిరాక కోస్తే మిగిలేది కట్టెపుల్లలే. వరిగడ్డి దగ్గర ఇబ్బంది అదే. గింజలోకి పోవాల్సిందంతా పోయాక మిగిలిన గడ్డి అది, ప్రోటీన్ 3, 4 శాతమే. కింద పరుపుగా వెయ్యి, తిండిగా వద్దు.

గడ్డి చేతికొచ్చాక కట్ట మధ్యలోంచి గుప్పెడు లాగి చూడు. పైన పాలిపోయి లోపల పచ్చగా ఉంటే వెలుతురు తగిలిందంతే, విటమిన్ ఎ కొంత పోతుందేమోగానీ పీచుకేం కాదు. లోపలే గోధుమరంగుకు తిరిగి కమురు వాసన వస్తే తడి ఆరకుండా కట్ట కట్టేశారన్నమాట, అది లోపల వేడెక్కింది. తెల్లకాగితం మీద దులిపితే దుమ్ము పొగలా లేచినా, ముక్క వాసన కొట్టినా వెనక్కి పంపెయ్యి. బూజు గడ్డి విషయంలో మొహమాటం వద్దు.

మీ అపార్ట్‌మెంట్ లాన్‌లో మిషన్ పెట్టి కోసిన గడ్డి మాత్రం ఎత్తుకురాకు. నలిగిన పచ్చిగడ్డి గంటల్లోనే పులుస్తుంది, కడుపు ఉబ్బుతుంది. మందు కొట్టని చోట, కుక్కలు తిరగని చోట గరిక దొరికితే కొడవలితో కోసి, నీడలో పల్చగా పరిచి, తిరగేస్తూ ఆరబెట్టు. కాడ వంచితే పుటుక్కున విరగాలి. వానాకాలంలో ఈ పని పెట్టుకోకు, కొనుక్కోవడమే మేలు. కొన్నది కూడా గాలి ఆడే గుడ్డసంచిలో, నేలకు తగలకుండా పెట్టు. ప్లాస్టిక్ కవర్లో బిగించి కడితే చెమ్మ పడుతుంది.

గడ్డి మార్చేటప్పుడు పాతదాంట్లో కొత్తది కలుపుతూ వారం, పది రోజులు తీసుకో. ఈలోగా ఏ కుందేలైనా పూట తిండి మానేసి పెంటికలు వెయ్యకపోతే గడ్డి బాలేదేమోనని ఎదురుచూడకు, ఆ రోజే డాక్టర్‌కి చూపించు.

ఓట్స్ గడ్డి ముందు ఒక్క కిలోనే తెప్పించు. రాగానే గుప్పెడు తీసి పగటి వెలుతురులో ఫొటో పంపు, చూసి చెప్తాను.

ఆశీస్సులతో,
మావయ్య