పాఠకుల ప్రశ్నలు: ఫిలిప్పీన్స్ సాహిత్యం ఏ భాషలో ఉంది?

ప్రశ్న: మా అబ్బాయి దావావ్‌లో వైద్యం చదువుతున్నాడు. అక్కడి సాహిత్యమంతా ఇంగ్లీషులోనే ఉంటుందని వాడంటున్నాడు. నిజమేనా? ఏ పుస్తకంతో మొదలుపెట్టమంటారు? (కరీంనగర్ నుంచి ఒక తండ్రి)

జవాబు: మీ అబ్బాయి చెప్పింది కాలేజీ లైబ్రరీ వరకే నిజం. బజారుకెళితే వాడికి వినబడేది సెబువానో. దేశభాష ఫిలిపినో, దానికి ఆధారం టగాలోగ్. ఇవి కాక ఇలొకానో, హిలిగాయ్నోన్, బికోల్, వరాయ్, మరనావ్ వగైరా భాషలున్నాయి. ఒక్కోదానికి సొంత కథలూ పాటలూ ఉన్నాయి. వీటి మీదకి మూడు వందల ఏళ్లకు పైగా స్పానిష్ వచ్చి కూర్చుంది. 1898 తర్వాత అమెరికా బడులతో ఇంగ్లీషు వచ్చింది. కాబట్టి ఏ పుస్తకం చేతికొచ్చినా ముందు అడగాల్సింది ఒకటే: ఇది మొదట ఏ భాషలో రాశారు, ఆ రోజుల్లో ఆ భాష చదవగలిగినవాళ్లు ఎవరు?

మొదలుపెట్టడానికి స్పానిష్ పాలనను ఎండగట్టిన హోసే రిజాల్ నవల 'నోలీ మే తాంగెరే' సరైనది. 1887లో బెర్లిన్‌లో 2000 ప్రతులు అచ్చయింది. అచ్చు ఖర్చుకు ఒక స్నేహితుడు డబ్బు సర్దాడు. దేశమంతటినీ కదిలించిన ఈ నవల స్పానిష్‌లో ఉంది. అంటే ఎవరి గురించి రాశాడో వాళ్లలో ఎక్కువమంది దాన్ని చదవలేరు. పాస్కువల్ పోబ్లెతె టగాలోగ్ అనువాదం 1909 నాటిది. 1956లో చట్టం చేసి మరీ దీన్ని పాఠ్యాంశం చేశారు, చర్చి గట్టిగా అడ్డుపడినా.

ఇంగ్లీషు అనువాదం కొనేటప్పుడు జాగ్రత్త. లియోన్ మరియా గెరేరో అనువాదం హాయిగా సాగిపోతుంది. కానీ రిజాల్ వర్తమాన కాలంలో పాఠకుణ్ణి పలకరిస్తూ చెప్పిన చోట్లను ఆయన భూతకాలంలోకి మార్చాడు. స్థానికమైన పేర్లనూ మాటలనూ కూడా చదును చేశాడని పండితుడు బెనెడిక్ట్ ఆండర్సన్ తప్పుపట్టాడు. మూలానికి దగ్గరగా కావాలంటే సొలెదాద్ లక్సోన్ లొక్సిన్ అనువాదం, లేదా పెంగ్విన్ వేసిన హెరాల్డ్ ఆగెన్‌బ్రామ్ అనువాదం తీసుకోండి. ఇంకో చిక్కు: ఆ కాలంలో 'ఫిలిపినో' అంటే ముఖ్యంగా అక్కడ పుట్టిన స్పానిష్ సంతతివాళ్లు. స్థానికుణ్ణి 'ఇందియో' అనేవారు. ఇప్పటి అర్థంతో చదివితే సగం సంభాషణలు తలకిందులవుతాయి.

ఆ తర్వాత పాజ్ మార్కెజ్ బెనితెజ్ 1925లో ఇంగ్లీషులో రాసిన కథ 'డెడ్ స్టార్స్', దాని వెంట లువల్హాతి బౌతిస్తా ఫిలిపినో నవల 'దెకాదా 70'. ఈ మూడూ అయ్యాక వెనక్కి వెళ్లండి. కాలక్రమం పట్టుకుని ఇతిహాసాలతో మొదలుపెట్టినవాళ్లు చాలామంది అక్కడే ఆగిపోతారు. మరనావ్‌ల 'దరంగెన్' ఒక్కటే 72,000 పాదాలు మరి.

ప్రశ్న: నేను ఛందోబద్ధంగా పద్యాలు రాస్తాను. టగాలోగ్‌లో గణాలు, యతిప్రాసలు ఉన్నాయా? 'తనాగా' అనే నాలుగు పాదాల పద్యం తెలుగులో రాయొచ్చా? (తెనాలి)

జవాబు: గణాలు లేవు. గురులఘువుల లెక్క లేదు. పాదానికి ఎన్ని అక్షరాలన్నదే లెక్క. తనాగాకు నాలుగు పాదాలు, పాదానికి ఏడక్షరాలు, నాలుగింటికీ ఒకే అంత్యప్రాస. 1754లో అచ్చయిన ఒక టగాలోగ్ నిఘంటువు ఉదాహరణగా ఎక్కించుకున్న పాత పద్యం ఇది:

కాతితిబాయ్ కా తులోస్
సాకాలింగ్ దాత్నాంగ్ అగోస్
అకోయ్ ముముంతింగ్ లుమోత్
సా ఇయోయ్ పుపులుపోత్

"గుంజా, నువ్వు గట్టిగా నిలబడతావు కదా! ఒకవేళ ప్రవాహం వస్తే, చిన్న నాచును నేను, నిన్నే చుట్టుకుంటాను" అని భావం. వేళ్లు మడిచి లెక్కపెట్టండి: కా, తి, తి, బాయ్, కా, తు, లోస్. ఏడు. పొల్లు హల్లును లెక్కలోకి తీసుకోరు, మనమూ అంతే. రెండో పాదంలో 'దాత్', 'నాంగ్' ఒక్కొక్కటి ఒక్కక్షరం.

ఇప్పుడు చివర్లు చూడండి. రెండు పాదాలు 'ఓస్', రెండు పాదాలు 'ఓత్'. మన కంటికి ప్రాస తప్పినట్టుంటుంది. వాళ్ల లెక్కలో తప్పలేదు. టగాలోగ్ హల్లులు ప్రాస కోసం రెండు జట్లు: బ, క, డ, గ, ప, స, త ఒక జట్టు, ల, మ, న, ఙ, ర, వ, య ఇంకో జట్టు. అచ్చు ఒకటే అయి, చివరి హల్లు అదే జట్టులోదైతే ప్రాస కుదిరినట్టే. అచ్చుల్లో ఇ, ఎ ఒకటిగా, ఉ, ఒ ఒకటిగా చెల్లుతాయి. మన ప్రాసమైత్రి గుర్తొస్తోందా? దారి అదే, చోటు మాత్రం వేరు. మనది పాదంలో రెండో అక్షరం, వాళ్లది ఆఖరుది.

అచ్చుతో ముగిసే మాటల దగ్గర అసలు చిక్కు. 'బాతా' అని రాసి గొంతును టక్కున ఆపి పలికితే పిల్లవాడు, ఆపకుండా పలికితే పైన వేసుకునే అంగీ. మామూలు రాతలో తేడా కనిపించదు. పద్యంలో మాత్రం ఆపేదానికీ ఆపనిదానికీ ప్రాస చెల్లదు. నిఘంటువు చూడకుండా రాసే పరాయివాళ్లు దొరికిపోయేది ఇక్కడే.

యతి విషయానికొస్తే, మన యతి అక్షరమైత్రి, వాళ్లది ఆగడం. 'అవిత్' అనే కథాకావ్యంలో పాదానికి 12 అక్షరాలు, ఆరింటి తర్వాత విరామం. ఆ విరామం మాట మధ్యలో పడకూడదు. ఫ్రాన్సిస్కో బలగ్తాస్ 'ఫ్లోరాంతే అత్ లౌరా' 399 చరణాలూ ఇలాగే నడిచాయి. ఎనిమిదక్షరాలైతే అది 'కొరీదో', నడక వడి.

తెలుగులో తప్పకుండా రాయండి. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి కాబట్టి చివరి ఒక్కక్షరమే కలిపితే మరీ చౌకగా వినిపిస్తుంది. కనీసం రెండక్షరాలు కలపండి. క్రియలన్నీ పాదం చివరకు వచ్చి 'వచ్చాడు, పోయాడు' అని తేలిపోకుండా రెండు పాదాలనైనా నామవాచకంతో ముగించండి. మూడో పాదంలో మలుపు ఉండాలి. పై పద్యంలో గుంజ గురించి మాట్లాడుతున్న గొంతు నాచుదని అక్కడే తెలుస్తుంది.

ప్రశ్న: ఫిలిప్పీన్స్‌లోనూ రామాయణం ఉందంటారు. ఎంతవరకు నిజం? (విజయనగరం)

జవాబు: ఉంది, పేరు 'మహారాదియా లవానా', మన రావణుడే. లనావ్ సరస్సు చుట్టుపక్కల ఉండే మరనావ్ ముస్లింల కథ ఇది. 1960ల చివర్లో హువాన్ ఫ్రాన్సిస్కో సేకరించాడు. పెద్ద కావ్యం కాదు, చిన్న వచన కథ. రాముడు మంగందిరి, తమ్ముడు మంగవర్న. లక్సమానా అని ఒకడున్నాడు, అతను కోతి రూపంలో ఉంటాడు! పేరు చూసి లక్ష్మణుడనుకుంటే కథ మొత్తం అడ్డం తిరుగుతుంది. దీన్ని వాల్మీకి పక్కన పెట్టి "ఇది తగ్గింది, అది మారింది" అని పట్టిక రాయడం వృథా శ్రమ. మలయ్ భాషలోని 'హికాయత్ సెరి రామ' పక్కన పెట్టి చూడండి, కథ ఏ దారిన వచ్చిందో అంతుపడుతుంది. అన్నట్టు టగాలోగ్‌లోనూ కల్పనా రచనను కథ అనే అంటారు, కాకపోతే 'కత్-హా' అని విరిచి పలుకుతారు.

ప్రశ్న: తులనాత్మక సాహిత్యం ఎంఏ విద్యార్థిని. 'ఫ్లోరాంతే అత్ లౌరా' మీద 20 పేజీల పత్రం రాయాలి. మార్క్సిస్టు, వలసానంతర, రూపవాద పద్ధతుల్లో ఏది నప్పుతుంది? (హైదరాబాద్)

జవాబు: పద్ధతి ముందు ఎంచుకుని కావ్యాన్ని దాంట్లో ఇరికించడం వల్లే సగం పత్రాలు పాడవుతున్నాయి. మీరు వరస మార్చండి.

1838లో, స్పానిష్ సెన్సారు నీడలో వచ్చిన కావ్యమిది. కథ అల్బేనియాలో జరుగుతుంది. నాయకుణ్ణి చీకటి అడవిలో చెట్టుకు కట్టేసి ఉంటారు. తన దేశం లోపలా బయటా ద్రోహమే రాజై కూర్చుందని విలపిస్తాడు. ఇంత చదవగానే "అల్బేనియా అంటే ఫిలిప్పీన్సే" అని రాసేయాలనిపిస్తుంది. ఆ మాట చాలామంది అన్నారు, అందులో బలమూ ఉంది. కానీ అక్కణ్ణుంచి ఒక్కో పాత్రకు ఒక్కో అధికారిని అతికించుకుంటూ పోతే మూడో పేజీకల్లా ఆధారాలు అయిపోతాయి.

ముందు ఆ ప్రక్రియ కట్టుబాట్లేవో రాసుకోండి. క్రైస్తవ రాకుమారుడు, ముస్లిం శత్రువు, దూరదేశం, యుద్ధం, చివరకు మతం మార్పిడి: ఆనాటి అవిత్‌లలోనూ కొమెదియా నాటకాల్లోనూ ఇదంతా అరిగిపోయిన సరుకు. దీన్ని పక్కన పెట్టుకుని బలగ్తాస్ ఎక్కడ పక్కకు జరిగాడో చూడండి. చెట్టుకు కట్టేసిన క్రైస్తవుణ్ణి సింహాల నుంచి కాపాడేది పర్షియా ముస్లిం రాకుమారుడు అలదీన్. అదీ కవి సొంత అడుగు. ఆఖర్న అలదీన్, అతని ప్రియురాలు ఫ్లెరీదా క్రైస్తవం తీసుకుంటారు. అంటే కట్టుబాటు మళ్లీ గెలిచింది. ఈ రెండింటి మధ్య లాగులాటే మీ పత్రం. వలసానంతర పద్ధతి అక్కడ సహజంగా పనికొస్తుంది. అలదీన్‌ను మెచ్చుకుని బాప్టిజాన్ని దాటేస్తే పరీక్షకులు పట్టుకుంటారు.

సిద్ధాంత పరిచయం రెండు పేజీలు మించనివ్వకండి. ఆధారాలకు బియెన్వెనిదో లుంబెరా టగాలోగ్ కవిత్వ చరిత్ర (1986), విర్హిలియో అల్మారియో 'బలగ్తాసిస్మో వర్సెస్ మొదెర్నిస్మో' (1984) చాలు. నవల మీదైతే రెసిల్ మొహారెస్ (1983).

రచన రూపాన్నే ప్రధానంగా చూసే రూపవాదం అక్కడ ఎక్కువగా ఇంగ్లీషు రచన వైపు పెరిగింది. 1962లో దుమగెతె ఊళ్లో రచయితలైన తియెంపో దంపతులు మొదలుపెట్టిన రచయితల శిబిరం దానికి పెద్ద బడి. అంతకుముందే కళ కళ కోసమేనన్న కవి హోసే గార్సియా విల్యాకూ, సమాజం కోసమన్న విమర్శకుడు సాల్వదోర్ లోపెజ్‌కూ వాగ్వాదం నడిచింది. లోపెజ్ 'లిటరేచర్ అండ్ సొసైటీ' 1940లో బహుమతి అందుకుంది. మూడేళ్లకు మన తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టింది. ఒకదాన్ని చూసి ఇంకొకటి పుట్టలేదు. పోల్చాలంటే కాలాన్ని పోల్చండి, ప్రభావం అనకండి. రసధ్వనులతో కొలవాలని మనసు లాగితే ఒక అధస్సూచికతో సరిపెట్టుకోండి.

ప్రశ్న: ఫిలిప్పీన్స్ నియంత మార్కోస్ కాలంలో ఆయన్నే రహస్యంగా తిట్టిన పద్యం ఒకటి పత్రికలో అచ్చయిందట. దాన్ని అనువదించాలనుకుంటున్నాను. (విశాఖపట్నం)

జవాబు: 1973లో 'ఫోకస్' పత్రికలో 'రుబెన్ క్యువాస్' పేరుతో వచ్చిన 'ప్రొమీథియస్ అన్‌బౌండ్'. అసలు రచయిత హోసే లకాబా. పద్యం ఇంగ్లీషులో ఉంది. పాదాల మొదటి అక్షరాలు పైనుంచి కిందికి చదివితే "మార్కోస్ హిట్లర్ దిక్తదోర్ తుతా". వీధుల్లో ఊరేగింపుల నినాదమది, దిక్తదోర్ అంటే నియంత, తుతా అంటే పెంపుడు కుక్కపిల్ల. అర్థం ఒక్కటే తెస్తే మీకు మిగిలేది గ్రీకు పురాణం మీద ఓ మాదిరి పద్యం. ఆ అక్షరాలనే తెలుగులో నిలబెడదామంటే రెండో పాదానికే ఆగిపోతారు, 'ర్కో'తో మొదలయ్యే మాట మనకు లేదు. సంయుక్తాక్షరాలు లేని నినాదం ఒకటి మీరే కట్టుకోండి. పాదాల సంఖ్య దాన్నిబట్టి మారినా ఫరవాలేదు. మూలంలో ఏముందో పద్యం పక్కన కాదు, వెనక పేజీలో చెప్పండి.